అనుమతి లేకుండా నెట్‌లో పెట్టిన ఫొటోలను తీయించడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

స్టూడియోలు నడిపేవాళ్లు, పెళ్లిళ్లకు కెమెరా పట్టేవాళ్లు, రొట్టెల పండుగనో బండలాగుడు పోటీలనో సరదాగా ఫొటోలు తీసి పెట్టేవాళ్లు, సరుకు ఫొటోలు వెబ్‌సైట్లో పెట్టుకున్న గ్రానైట్, చీరల వ్యాపారులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఫొటో తీసేయమని ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి ప్లాట్‌ఫాంలకు ఫారం నింపి పెట్టే కాపీరైట్ ఫిర్యాదునే ఇక్కడ నోటీసు అంటున్నాం. మొదటి నాలుగు ప్రశ్నలు దాటేసి ఆ ఫారం నింపడానికి వెళ్లొద్దు. తిరిగొచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం అక్కడే ఉంటుంది.

ఫొటోలో ఉన్నది నేనే. అంటే ఆ ఫొటో నాదే కదా?

కాదు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసినవాడు, అందులో ఉన్నవాడు కాదు. మైపాడు బీచ్‌లో మీ స్నేహితుడు మిమ్మల్ని తీసిన ఫొటోను ఎవరో వాడుకుంటే కాపీరైట్ ఫిర్యాదు పెట్టాల్సింది మీ స్నేహితుడే. మీరు పెట్టుకోదగ్గది ప్రైవసీ ఫిర్యాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మూడింట్లోనూ దానికి వేరే ఫారం ఉంది. సెల్ఫీ అయితే ఈ తిప్పలు లేవు, తీసిందీ మీరే.

పెళ్లి ఫొటోలు తీసింది నేను. ఆ పెళ్లికూతురి ఫొటోను ఒక చీరల షాపు తన పేజీలో ప్రకటనగా వేసుకుంది. నేను నోటీసు ఇవ్వొచ్చా?

ముందు మీ బుకింగ్ కాగితం చూసుకోండి. చాలామంది స్టూడియో వాళ్లకు తెలియని విషయం ఇక్కడుంది. చట్టంలోని 17(బి) సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి పురమాయించి తీయించుకున్న ఫొటోకు మొదటి యజమాని ఆ డబ్బిచ్చిన వ్యక్తే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. పెళ్లి వీడియోకూ ఇదే వర్తిస్తుంది. అంటే మీరు ఏ కాగితమూ రాయించుకోకుండా పెళ్లివారి దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని తీస్తే, ఆ ఫొటోల కాపీరైట్ పెళ్లివారిది. మీ కెమెరా, మీ లెన్సు, మీ శ్రమ అయినా సరే.

అప్పుడు దారులు రెండు. పెళ్లివారినే ఫిర్యాదు పెట్టమనడం ఒకటి. వాళ్ల తరఫున ఫిర్యాదు చేసే అధికారం మీకిస్తున్నట్టు సంతకంతో ఉత్తరం తీసుకుని, ఫారంలో 'యజమాని ప్రతినిధిని' అనే గడి ఎంచుకుని మీరే పెట్టడం రెండోది. యజమానిని నేనే అని మాత్రం టిక్కు పెట్టొద్దు, అది తప్పుడు ప్రకటన అవుతుంది.

ఒక్క హక్కు మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ఫొటో తీసింది నేను అని చెప్పుకునే హక్కు, 57వ సెక్షన్ కింద, కాపీరైట్ ఎవరి చేతిలో ఉన్నా కర్తదే.

ఇకముందు ఇలా కాకుండా బుకింగ్ కాగితంలో ఏం రాయించుకోవాలి?

అడ్వాన్సు తీసుకునే రోజునే, రసీదు పుస్తకంలోనే ఈ నాలుగు వాక్యాలు అచ్చు వేయించుకుంటే చాలు:

"ఈ కార్యక్రమంలో తీసిన ఫొటోల, వీడియోల కాపీరైట్ స్టూడియోదే. కస్టమర్ వాటిని సొంతానికి, బంధుమిత్రులతో పంచుకోవడానికి, తమ సోషల్ మీడియా ఖాతాల్లో పెట్టుకోవడానికి వాడుకోవచ్చు. వ్యాపార ప్రకటనలకు ఎవరికైనా ఇవ్వాలంటే స్టూడియో రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. స్టూడియో తన పనితనం చూపడానికి ఈ ఫొటోలను ప్రదర్శించుకోవడానికి కస్టమర్ ఒప్పుకుంటున్నారు / ఒప్పుకోవడం లేదు."

చివరి వాక్యంలో ఏది వద్దో అది కొట్టేయించి, పక్కన సంతకం తీసుకోండి. కాపీరైట్ మీదైనంత మాత్రాన ఎవరి ఇంటి ఆడపిల్ల ఫొటోనైనా మీ పేజీలో పెట్టుకోవచ్చని కాదు. ఈ ఒక్క గీత చాలా గొడవలు ఆపుతుంది.

పెళ్లి అయిపోయాక హక్కు రాయించుకోవాలంటే దాన్ని 'అసైన్‌మెంట్' అంటారు. అది రాతలో, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా లెక్కిస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అందుకని కాలం, ప్రాంతం రెండూ రాయించండి.

రోజుకింతని పిలిపించుకునే రెండో కెమెరామన్‌తో కూడా ఒక కాగితం రాసుకోండి. నెల జీతం మీద ఉన్న ఉద్యోగి తీసినవి మామూలుగా యజమానివే అవుతాయి. రోజువారీ మనిషి దగ్గరికొచ్చేసరికి వాదనకు చోటుంటుంది.

ఫొటోను రిజిస్టర్ చేయించలేదు. నోటీసు చెల్లుతుందా?

చెల్లుతుంది. ఫొటో తీసిన క్షణంలోనే కాపీరైట్ పుడుతుంది, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. తీసినవాడి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణకు ముందు ఫొటోలకు ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లే ఉండేది, ఆ పాత లెక్క ఇప్పటికీ కొన్నిచోట్ల కనిపిస్తుంది. కోర్టుదాకా వెళ్తుందనిపించిన ఫొటోకు రిజిస్ట్రేషన్ చేయించుకుంటే తొలి సాక్ష్యంగా పనికొస్తుంది. పెళ్లిలో తీసిన రెండు వేల ఫొటోలకూ చేయించడం డబ్బు దండగ.

ఫొటో నాదేనని ఎలా నిరూపించాలి?

చాలా బలమైనది కెమెరాలోని రా ఫైలు (కుదించకుండా కెమెరా దాచే అసలు ఫైలు). దానికన్నా బలమైనది ఆ ఫైలుకు ముందూ వెనకా ఉన్న ఫైళ్లు. ఒంగోలు గిత్తల జత బండను కదిలించిన క్షణాన్ని మీరు వరసగా పన్నెండు ఫ్రేములు కొట్టారనుకోండి. పేజీలో పెట్టింది ఏడోది. ఎత్తుకుపోయినవాడి దగ్గర ఆ ఏడోది ఒక్కటే ఉంటుంది, అదీ కుదించినది. కాడి ఇంకా వాలి ఉన్న ఆరో ఫ్రేమూ, దుమ్ము లేచిన ఎనిమిదో ఫ్రేమూ మీ దగ్గర మాత్రమే ఉంటాయి, వరస నంబర్లతో సహా. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇక వాదన ఉండదు. కాబట్టి మంచి ఫొటో ఏరుకుని మిగతావి చెరిపేసే అలవాటు ఉంటే మానుకోండి.

ఫొటో ఫైల్లో దాగి ఉండే ఎగ్జిఫ్ సమాచారం (తేదీ, లెన్సు, కొన్ని కెమెరాల్లో సీరియల్ నంబరు) కూడా పనికొస్తుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అదంతా ఊడిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే నిలుస్తుంది. కెమెరా గడియారం తప్పుగా ఉంటే, ఆ తేదీని సాఫ్ట్‌వేర్‌తో 'సరిచేయకండి'. తప్పు తేదీకి సంజాయిషీ చెప్పుకోవచ్చు గాని, దిద్దిన ఫైలును ఎవరూ నమ్మరు.

ఫోన్‌తో తీశారా? అసలు ఫైలు, ఆటోమేటిక్ క్లౌడ్ బ్యాకప్‌లో అది చేరిన తేదీ, మీరు మొదట పోస్ట్ చేసిన లింకు, ఈ మూడూ చాలు.

నోటీసు పంపకముందే దాచుకోవాల్సినవి ఏంటి?

నోటీసు అందగానే అవతలివాళ్లు పోస్టు లేపేస్తారు. తర్వాత పరిహారం అడుగుదామంటే చేతిలో ఏమీ ఉండదు. అందుకని ముందే కంప్యూటర్లో పేజీ తెరిచి, పైన అడ్రసు బార్ పూర్తి లింకుతో కనిపించేలా, కింద మూల తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. పేజీ మొత్తాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. బయటికి కనిపించే వెబ్‌సైటయితే వేబ్యాక్ మెషిన్‌లో (వెబ్ పేజీల నకళ్లను తేదీతో దాచిపెట్టే సైటు) కూడా దాచండి, మూడో మనిషి దగ్గరున్న నకలు కాబట్టి దానికి విలువెక్కువ. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో పోతుంది, చూసిన వెంటనే రికార్డు చేయండి.

కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జూలై 1 నుంచి ఇది అమల్లో ఉంది. పాత సాక్ష్య చట్టంలో 65బి సర్టిఫికెట్ అన్నది ఇదే. కొత్త నమూనాలో రెండు భాగాలున్నాయి: మొదటిది మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. అది ఆ ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య, ఒక్క చుక్క మారినా మారిపోతుంది. అందుకని తీసిన స్క్రీన్‌షాట్లను కత్తిరించకుండా, గీతలు గీయకుండా ఒక నకలు అలాగే ఉంచండి.

నా ఫొటో ఇంకా ఎక్కడెక్కడ ఉందో తెలిసేదెలా?

గూగుల్ లెన్స్, బింగ్, యాండెక్స్, టిన్‌ఐ నాలుగింట్లోనూ వెతకండి, ఒకదానికి దొరకనిది ఇంకోదానికి దొరుకుతుంది. మొత్తం ఫొటోతో ఒకసారి, నడిమి భాగం కత్తిరించి ఒకసారి. మూసి ఉన్న ఫేస్‌బుక్ గ్రూపుల్లోకి ఇవేవీ తొంగిచూడలేవు.

నోటీసు కన్నా ముందు నేరుగా అడగడం మంచిదా?

ఊళ్లో వ్యాపారి, ఊరి పేజీ అయితే మంచిదే. సగం మంది తెలియక చేస్తారు. పోట్లాట భాష లేకుండా, గడువు పెట్టి, రాతలోనే అడగండి:

"నమస్కారం అండీ. మీ పేజీలో ఫలానా తేదీన పెట్టిన ఫొటో (లింకు) నేను తీసింది. అసలు పోస్టు ఇది (లింకు). నా అనుమతి తీసుకోలేదు. రేపు సాయంత్రం 6 గంటల్లోగా తీసేయండి. వాడుకోవాలనుకుంటే ధర మాట్లాడుకుందాం. ఏ జవాబూ రాకపోతే ప్లాట్‌ఫాంకు కాపీరైట్ నోటీసు పంపుతాను."

'తీసేస్తాంలే అన్నా' అని ఫోన్లో చెప్పేవాళ్లను వాట్సాప్‌లో ఒక ముక్క రాయమనండి. పేరు లేని మీమ్ పేజీలకు, ఊరూపేరూ లేని వెబ్‌సైట్లకు మాత్రం ఇలా రాయడం వృథా, నేరుగా నోటీసే.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎలా పెట్టాలి?

పోస్టు పక్కన మూడు చుక్కలు నొక్కి 'రిపోర్ట్' కొడితే అది కాపీరైట్ నోటీసు కాదు, మామూలు ఫిర్యాదు. చాలామంది పది మందితో రిపోర్ట్ కొట్టించి ఎందుకు పోలేదని వాపోతుంటారు. హెల్ప్ సెంటర్‌లో 'కాపీరైట్ రిపోర్ట్ ఫారం' అని వేరే ఉంటుంది, అది నింపాలి. ఖాతా లేకపోయినా నింపవచ్చు.

లింకు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పేజీ లింకు ఇస్తే సరిపోదు, ఆ ఒక్క పోస్టు లింకు ఇవ్వాలి. ఫేస్‌బుక్‌లో పోస్టు పైన ఉన్న తేదీని లేదా గంటను నొక్కితే ఆ పోస్టు విడిగా తెరుచుకుంటుంది, ఆ అడ్రసు కాపీ చేయండి. ఆల్బంలో ఐదు ఫొటోలు మీవైతే ఒక్కోదాన్ని తెరిచి ఐదు లింకులు ఇవ్వండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు చుక్కల్లో 'కాపీ లింక్'. 'ఈ పేజీలో నా ఫొటోలన్నీ తీసేయండి' అని రాస్తే కుదరదు. 2016లో మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటు కేసులో ఢిల్లీ హైకోర్టు కూడా ఇదే చెప్పింది: ఏది, ఎక్కడుందో కచ్చితంగా చెప్పకుండా జాబితా చేతిలో పెడితే ప్లాట్‌ఫాంకు తెలిసినట్టు కాదు.

ఎవరైనా 'షేర్' బటన్ నొక్కి మీ పోస్టును పంచుకుంటే అది దొంగతనం కాదు. ఖాతా తెరిచినప్పుడు మీరు ఒప్పుకున్న షరతుల్లోనే అది ఉంది. మీ పోస్టు తీసేస్తే ఆ షేర్లూ ఖాళీ అవుతాయి. డౌన్‌లోడ్ చేసి మళ్లీ ఎక్కించినదాని మీదే నోటీసు.

నోటీసులో కచ్చితంగా ఉండాల్సినవి ఏమిటి?

ఈ కంపెనీల ఫారాలు అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ చట్టం అచ్చులో తయారయ్యాయి. మీ పూర్తి పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్, అసలు ఫొటో ఏది, దాని లింకు, దొంగ నకలు లింకు, ఆ వాడకానికి అనుమతి లేదని నిజాయితీగా నమ్ముతున్నానన్న వాక్యం, సమాచారం నిజమని, నేను యజమానిని లేదా ప్రతినిధినని ప్రమాణపూర్వక వాక్యం, చివర సంతకం. సంతకం అంటే పూర్తి పేరు టైపు చేస్తే చాలు. స్టూడియో పేరు సంతకం కాదు, మనిషి పేరు ఉండాలి. వివరణ ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాల్లో రాస్తే త్వరగా తేలుతుంది. 'ఎన్నో ఏళ్ల కష్టం' లాంటి మాటలు అక్కడ చదివేవాడికి అక్కర్లేదు.

36 గంటలు, 21 రోజులు అంటుంటారు. అదేంటి?

అది మన చట్టం దారి. 52(1)(సి) సెక్షన్, కాపీరైట్ నియమాలు 2013లోని 75వ నియమం కలిపి చదవాలి. రాతపూర్వక ఫిర్యాదు అందాక 36 గంటల్లో ప్లాట్‌ఫాం ఆ నకలు ఎవరికీ అందకుండా ఆపాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపకపోతే వాళ్లు మళ్లీ పెట్టేసుకోవచ్చు. ఈ దారిలో వెళ్తే, ఎక్కించినవాడి మీద దావా వేస్తానని, ఉత్తర్వు తెస్తానని ఫిర్యాదులోనే హామీ రాసివ్వాలి.

ఒక్క పెళ్లి ఫొటోకు ఈ హామీ రాయడం తెలివైన పని కాదని మా అభిప్రాయం. కంపెనీ సొంత ఫారంలో ఈ షరతు ఉండదు. మీ గ్రానైట్ శ్లాబుల ఫొటోలతో చీమకుర్తి సరుకు తనదేనని ఎవరో ఆర్డర్లు పట్టుకుంటున్నారనుకోండి, అప్పుడు లాయరును పెట్టుకుని ఈ దారి పట్టండి.

నా పేరు అవతలివాళ్లకు తెలుస్తుందా?

తెలుస్తుంది. మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల కంపెనీ), యూట్యూబ్ రెండూ ఫొటో ఎక్కించినవాళ్లకు ఫిర్యాదుదారు పేరు చెబుతాయి, ఈమెయిల్ కూడా ఇవ్వొచ్చు. గూగుల్‌కు పంపిన నోటీసుల నకళ్లు లూమెన్ అనే బహిరంగ డేటాబేస్‌లోకి వెళ్తాయి. అందుకని ఇంటి అడ్రసు, సొంత మెయిల్ కాకుండా స్టూడియోవి ఇవ్వండి.

యూట్యూబ్ వార్తా చానల్ నా ఫొటోను థంబ్‌నెయిల్‌గా పెట్టింది.

యూట్యూబ్ కాపీరైట్ ఫారంలో వీడియో లింకు ఇచ్చి, థంబ్‌నెయిల్ అని, లోపల కూడా ఉంటే ఎన్నో నిమిషం ఎన్నో సెకను నుంచి ఎక్కడిదాకా అన్నదీ రాయండి. వెంటనే తీయించడమా, 7 రోజుల గడువు ఇవ్వడమా అని అడుగుతుంది. గడువులోగా వాళ్లే తీసేసుకుంటే వాళ్లకు స్ట్రైక్ (చానల్ మీద యూట్యూబ్ వేసే తప్పు మార్కు) పడదు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానలే పోవచ్చు, ఆ భయంతో చాలామంది గడువులోనే దారికొస్తారు.

వార్త కాబట్టి వాడుకోవచ్చంటున్నారు. కింద 'కర్టెసీ: గూగుల్' అని కూడా వేశారు.

గూగుల్ ఎప్పుడూ కెమెరా పట్టుకుని స్వర్ణాల చెరువు గట్టున నిలబడలేదు. ఫొటో ఎక్కడ దొరికిందో చెప్పడం అనుమతి తీసుకున్నట్టు కాదు. మీ పేరే వేసినా అంతే.

వర్తమాన సంఘటనల వార్త రాయడానికి తగుమాత్రం వాడుకోవచ్చని 52వ సెక్షన్ చెబుతున్న మాట నిజం. కానీ అది 'వార్త' అన్న ముద్ర వేస్తే తెరుచుకునే తలుపు కాదు. మీ ఫొటోయే వార్త అయితే (వైరల్ అయింది, దాని మీద చర్చ జరిగింది) వాళ్ల వాదనకు బలముంటుంది. నిరుటి రొట్టెల పండుగ ఫొటోను ఈ ఏటి వార్తకు అలంకారంగా పెట్టుకుంటే బలం తక్కువ.

నా వాటర్‌మార్క్ కత్తిరించేసి పెట్టారు.

అది విడిగా ఇంకో నేరం. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65బి సెక్షన్ ప్రకారం, ఫొటో మీద ఉన్న యజమాని వివరాన్ని తెలిసి తెలిసి తొలగిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. నోటీసులో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఈ మాట రాయండి. మూలన పెట్టిన వాటర్‌మార్క్ కత్తెరకు సులువుగా చిక్కుతుంది, ముఖ్యమైన వస్తువు అంచును తాకేలా పెట్టుకోండి.

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

సందేశాల్లోని ఫొటోను వాట్సాప్ చూడలేదు, తీయలేదు. ప్రొఫైల్ ఫొటోగా, స్టేటస్‌గా పెడితే మాత్రం వాట్సాప్‌కు కాపీరైట్ ఫిర్యాదు పెట్టే అవకాశం ఉంది.

ఎవరిదో తెలియని వెబ్‌సైట్ అయితే?

ఆ డొమైన్ (సైటు పేరు) ఐపీ అడ్రసును హూఈజ్ లుకప్ అనే వెతుకులాట సైట్లో కొట్టి ఏ హోస్టింగ్ కంపెనీలో (సైటు ఫైళ్లను తన కంప్యూటర్లలో ఉంచే కంపెనీ) ఉందో చూడండి, ఆ కంపెనీ అబ్యూస్ విభాగానికి నోటీసు పంపండి. క్లౌడ్‌ఫ్లేర్ అని వస్తే అది ముందున్న పరదా మాత్రమే. వాళ్ల ఫారం నింపితే ఫిర్యాదును అసలు హోస్ట్‌కు పంపి, ఆ హోస్ట్ ఎవరో మీకూ చెబుతారు. డొమైన్ అమ్మిన కంపెనీకి రాసి లాభం తక్కువ, ఫొటో దాని దగ్గర ఉండదు.

ఏదీ కుదరకపోతే గూగుల్ సెర్చ్ నుంచి తీయించండి. ఫొటో సైట్లోనే ఉంటుంది, వెతికితే మాత్రం కనిపించదు. సైట్లోంచి పోయాక కూడా గూగుల్‌లో చిన్న బొమ్మ కనిపిస్తుంటే 'అవుట్‌డేటెడ్ కంటెంట్' ఫారం వాడండి. దానికి కాపీరైట్ నోటీసు అక్కర్లేదు.

తీసేశారు, అవతలివాడు కౌంటర్ నోటీసు ఇచ్చాడు.

'ఫొటో నాదే' అని తన పేరు, చిరునామాతో ప్రమాణం చేశాడన్నమాట. ఇక్కడినుంచి గడియారం నడుస్తుంది. యూట్యూబ్‌లో అయితే 10 అమెరికా పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు కాగితం చూపకపోతే వీడియో తిరిగి వచ్చేస్తుంది. కంపెనీ న్యాయం తేల్చదు. ఒక లాభం ఏమిటంటే, అప్పటిదాకా పేరు దాచుకున్నవాడి చిరునామా ఇప్పుడు మీ చేతికొస్తుంది.

కంపెనీయే మీ ఫిర్యాదును తోసిపుచ్చితే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు. అయితే అంతకుముందు ఆ కంపెనీ భారత గ్రీవెన్స్ ఆఫీసరుకు ఫిర్యాదు పెట్టి ఉండాలి.

డబ్బు రాబట్టుకోవచ్చా? కేసు ఎక్కడ వేయాలి?

ఫొటో తీయించడంతో (టేక్‌డౌన్) పైసా రాదు. నష్టపరిహారం, లేదా వాళ్లు సంపాదించిన లాభం, 55వ సెక్షన్ కింద కోర్టులో అడగాలి. దావాకు గడువు మూడేళ్లు. అవతలివాడు ముంబయిలో ఉన్నా మీరు నివసించే లేదా వ్యాపారం చేసే చోటే వేయవచ్చని 62వ సెక్షన్ చెబుతోంది కాబట్టి నెల్లూరు వాళ్లు నెల్లూరు జిల్లా కోర్టులో, ఒంగోలు వాళ్లు ఒంగోలులో మొదలుపెట్టుకోవచ్చు. వివాదం విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన అయితే కమర్షియల్ కోర్టు పరిధి. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది, ఫోను 15100.

'లక్ష ఇవ్వు, లేకపోతే మూడు స్ట్రైకులు వేస్తా' అనే బేరానికి మాత్రం దిగొద్దు. ఆధారం లేని బెదిరింపు మీద అవతలివాళ్లే మీ మీద 60వ సెక్షన్ కింద దావా వేయవచ్చు.

పోలీసులకు ఫిర్యాదు చేస్తే?

63వ సెక్షన్ కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమేనని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఒక్క ఫొటోకు స్టేషన్ మెట్లెక్కితే, సివిల్ గొడవ కదా అని పంపే అవకాశమే ఎక్కువ. వరసగా ఎత్తి అమ్ముకుంటున్నవాడి మీదకైతే వెళ్లండి.

ఆడపిల్లల ఫొటోలు మార్ఫింగ్ చేసి పెడితే అది కాపీరైట్ దారి కానే కాదు. కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్‌లో అదే రోజు ఫిర్యాదు పెట్టండి, పేరు చెప్పకుండా కూడా పెట్టవచ్చు. ప్లాట్‌ఫాంలో నగ్నత్వం, మార్ఫింగ్ గడి ఎంచుకోండి, అలాంటివాటిని అవి గంటల లెక్కలో తీసేయాలి. అక్కడ ఫొటో ఎవరు తీశారని ఎవరూ అడగరు.

నా ఫొటోతో ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. దానికీ ఇదే నోటీసా?

కాదు. ఫ్లెక్సీకి ఆన్‌లైన్ ఫారాలేవీ పనికిరావు. కట్టించినవాళ్లకు, అచ్చు వేసిన ప్రింటర్‌కు లాయరు నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ప్రింటర్ పేరు చాలా ఫ్లెక్సీల మీద కింది అంచున చిన్న అక్షరాల్లో ఉంటుంది. గాలికి చిరిగిపోకముందే దగ్గరగా ఒక ఫొటో, వీధి గుర్తు తెలిసేలా దూరంగా ఒక ఫొటో తీసి పెట్టుకోండి.